గాలి వెనక నుంచి వస్తుంటే పడవ మలుపు తిరిగేదెలా?



ఈ నెల గోడపత్రికలో నేను తెరచాప పడవ గురించి రాస్తున్నాను. పడవ మొత్తం గురించి కాదు, అది తిరిగే ఒక్క మలుపు గురించే. ఆ మలుపుని జైబ్ అంటారు. పడవ ముందు పెద్ద రంగుల తెరచాప బూరలా ఉబ్బి ఉన్నప్పుడు జైబ్ చెయ్యడం కష్టం. పందాల్లో చాలా పడవలు బోల్తా పడేది ఇక్కడే.

ఇదే ఎందుకు రాస్తున్నానంటే, వేసవి సెలవుల్లో హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకోడానికి మన స్కూల్లో పేర్లు అడిగారు కదా. మా తొమ్మిదో తరగతిలో పదకొండు మంది పేర్లు ఇచ్చాం. ఇంటి దగ్గర్నుంచి సంతకం తెచ్చింది మాత్రం ఇద్దరే. మిగతా అందరి ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న: "పడవ బోల్తా పడితే ఎట్లా?"

ఆ ప్రశ్న తప్పు కాదు. మాది గోదావరి ఒడ్డు ఊరు. మా కోయ మాటలో నీళ్ళని ఏరు అంటాం. ఏరు లేకుండా మాకు రోజు గడవదు, ఏరంటే భయం కూడా ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉన్నప్పుడు, పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న లాంచి కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 50 మంది దాకా చనిపోయారు. అప్పుడు నేను చిన్నపిల్లని. మా అమ్మ ఇప్పటికీ లాంచి చప్పుడు వింటే ఆ మాటే ఎత్తుతుంది. అలాంటి అమ్మకి "ఏం కాదులే" అని చెప్తే ఊరుకోదు. పడవ ఎందుకు బోల్తా పడుతుంది, పడితే ఏం చేస్తారు, ఇవి తెలుసుకుని చెప్పాలి.

మన స్కూల్లోనే చదివి, తరవాత హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్న ఒక అక్క మొన్న సంక్రాంతి తరవాత వచ్చి రెండు రోజులు ఉంది. డిజిటల్ క్లాసు గదిలో పందాల వీడియోలు ఆపి ఆపి చూపించింది. నేను నోటుబుక్కులో రాసుకున్నదంతా వరసగా చెప్తాను. పక్కన బొమ్మలు వేశాను, చూస్తూ చదవండి.

ముందు గాలి సంగతి

మా తాత చిన్నప్పుడు గోదావరి మీద తెరచాప పడవలు తిరిగేవంట. గాలి వెనక నుంచి వస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే గడ వేసేవాళ్ళు, లేదా పడవకి తాడు కట్టి ఒడ్డు మీద నడుస్తూ లాగేవాళ్ళు. కాబట్టి "గాలి ఎటు వీస్తే పడవ అటు పోతుంది, అంతే కదా" అని మనం అనుకుంటాం.

కానీ పందెం పడవలు గాలి వీచే వైపు తిన్నగా పోవు. వంకర టింకరగా, పాము పోయినట్టు పోతాయి. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం.

గాలి వెనక నుంచి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వీస్తోంది అనుకోండి. పడవ తిన్నగా గాలితో పాటే 6 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అప్పుడు పడవలో కూర్చున్న మనిషికి తగిలే గాలి ఎంత? 10 లోంచి 6 తీసేస్తే 4. పడవ ఎంత వేగంగా పోతే తెరచాపకి తగిలే గాలి అంత తగ్గిపోతుంది. అంటే తన వేగమే తనకి అడ్డం అన్నమాట.

అదే పడవని కొంచెం పక్కకి తిప్పి ఏటవాలుగా నడిపితే వేరేగా ఉంటుంది. సైకిల్ తొక్కేటప్పుడు గాలి లేని రోజు కూడా మొహానికి గాలి కొడుతుంది కదా. అలాగే పడవ నడక వల్ల పుట్టే గాలి, అసలు గాలి రెండూ కలిసి తెరచాపకి పక్క నుంచి గట్టిగా తగులుతాయి. పడవ ఇంకా వేగంగా పోతుంది. దారి పొడుగైనా తొందరగా చేరుకుంటుంది. అందుకని కాసేపు ఎడమ ఏటవాలు, కాసేపు కుడి ఏటవాలు పోతారు. ఒక ఏటవాలు నుంచి ఇంకో ఏటవాలుకి మారే మూలే జైబ్.

పడవ ముక్కు గాలికి ఎదురుగా తిరిగే మలుపు ఇంకొకటి ఉంది. దాన్ని టాక్ అంటారు. అందులో తెరచాప ఒక క్షణం టపటప కొట్టుకుని బలం పోగొట్టుకుంటుంది. జైబ్‌లో పడవ తోక గాలిని దాటుతుంది. పెద్ద తెరచాప ఒక పక్క నిండుగా ఉన్నది ఒక్కసారిగా ఇంకో పక్కకి పోయి మళ్ళీ నిండుతుంది. అందుకే అంత జోరు.

ఏ పడవ, ఏ తెరచాప?

మేము వీడియోలో చూసింది 49ఈఆర్ ఎఫ్ఎక్స్ అనే పడవ. పొడవు 4.99 మీటర్లు. ఆ అంకెల నుంచే దానికి పేరు వచ్చింది. ఒలింపిక్స్‌లో ఇది ఆడవాళ్ళ పడవ. ఇద్దరే ఉంటారు. ఒకామె చుక్కాని పట్టుకుంటుంది, ఇంకొకామె తాళ్ళు పట్టుకుంటుంది. నడుముకి కట్టిన పట్టీ కొక్కేన్ని పైనుంచి వచ్చే తీగకి తగిలించుకుని, పడవ అంచు మీద కాళ్ళు పెట్టి, ఒళ్ళంతా బయటికి వాల్చి నిలబడతారు. గాలి పడవని ఒక పక్కకి పడేస్తుంటే వీళ్ళ బరువు ఇంకో పక్కకి లాగి సరిచేస్తుంది. మన తక్కెడ లాగే.

దీనికి మూడు తెరచాపలు. స్తంభానికి వెనక పెద్దది, దాని అడుగున బూమ్ అనే అడ్డ కొయ్య ఉంటుంది. స్తంభానికి ముందు చిన్నది. మూడోది గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు మాత్రమే ఎత్తేది, పేరు స్పినాకర్. ఎఫ్ఎక్స్ స్పినాకర్ దాదాపు 25 చదరపు మీటర్లు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్న గది నేలంతా పరిచినంత బట్ట అన్నమాట. ఇద్దరు మనుషులు, చిన్న పడవ, అంత బట్ట!

పాత రకం స్పినాకర్ రెండు పక్కలా ఒకేలా ఉండేది. దాన్ని ఒక కర్రతో చాచి పట్టాలి. మలుపు తిరిగినప్పుడల్లా ఆ కర్రని ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చాలి. కొత్త రకంలో రెండు అంచులూ సమానంగా ఉండవు. ముందు అంచు పొడుగు, వెనక అంచు పొట్టి. ముందు కింది మూలని పడవ ముక్కు నుంచి బయటికి పొడుచుకొచ్చిన కర్ర చివరికి కట్టేస్తారు. మలుపులో కర్ర మార్చే పని లేదు. 1980ల్లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 18 అడుగుల పందెం పడవల మీద ఈ పద్ధతి బాగా పట్టుకుంది.

ఇక మిగిలింది వెనక కింది మూల. దానికి తాడు కట్టి ఉంటుంది. ఆ తాడుని షీట్ అంటారు. షీట్ అంటే దుప్పటి అనుకోకండి, పడవ భాషలో షీట్ అంటే తాడే. తాడు ఒక సగం పడవకి ఎడమ పక్క, ఇంకో సగం కుడి పక్క ఉంటుంది. స్తంభం పై నుంచి పడవ ముక్కుకి ఒక ఇనుప తీగ బిగించి ఉంటుంది. ఆ తీగకీ, స్పినాకర్ ముందు అంచుకీ మధ్య కాస్త సందు ఉంటుంది. జైబ్ చేసినప్పుడు వెనక మూల ఆ సందులోంచి దూరి అవతలి పక్కకి రావాలి. దీన్ని లోపలి జైబ్ అంటారు. కొన్ని పెద్ద పడవల్లో తాడుని స్పినాకర్‌కి ముందు నుంచి చుట్టి తెస్తారు. అది బయటి జైబ్. అందులో తాడు నీళ్ళలో జారి పడవ కింద పడకుండా చూసుకోవాలి.

మలుపు, మెట్టు మెట్టుగా

1) మాట. చుక్కాని పట్టిన ఆమె చుట్టూ చూసి, పక్కన వేరే పడవ లేదని తెలుసుకుని, "జైబ్" అని ముందే చెప్పాలి. చెప్పకుండా తిప్పితే రెండో ఆమె పడిపోతుంది.

2) వేగం. పడవ మంచి వేగంలో ఉన్నప్పుడే మలుపు మొదలుపెట్టాలి. నెమ్మదించినప్పుడు కాదు. దీని సంగతి కింద చెప్తాను.

3) లోపలికి రావడం. ఇద్దరూ తీగ కొక్కెం విప్పుకుని పడవ మధ్యకి వస్తారు. వచ్చేటప్పుడు తాడు వదలకూడదు. వదిలితే తెరచాప కొట్టుకుని వేగం పోతుంది.

4) తిప్పడం. చుక్కానిని ఒకే తీరుగా తిప్పాలి. గుంజినట్టు తిప్పకూడదు. పడవ అటూ ఇటూ వాలకుండా బల్లపరుపుగా ఉండాలి.

5) దాటడం. తోక గాలిని దాటే క్షణంలో బూమ్ ఇటు నుంచి అటు కొడుతుంది. ఇద్దరూ తల వంచాలి. అదే సమయంలో తాడు పట్టిన ఆమె కొత్త పక్క తాడు గబగబా లాగుతుంది. వెనక మూల ఇనుప తీగ దగ్గరికి రాగానే పాత పక్క తాడు పూర్తిగా వదిలెయ్యాలి.

6) ఆపడం. బూమ్ దాటగానే చుక్కాని మధ్యకి తేవాలి. మలుపు అక్కడితో ఆగాలి.

7) బయటికి పోవడం. ఇద్దరూ కొత్త పక్కన కొక్కెం తగిలించుకుని బయటికి వాలతారు. తాడు మెల్లగా వదులుతూ ముందు అంచునే చూడాలి. అంచు కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు జానెడు లాగితే సరిగ్గా ఉన్నట్టు.

రాయడానికి ఇంతయింది గానీ అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. వీడియోలో మొదటిసారి చూసినప్పుడు మాకు ఏం అర్థం కాలేదు. నాలుగోసారికి చేతులు కనపడ్డాయి.

గాలి తక్కువ ఉంటే మలుపు మెల్లగా తిప్పాలి, కొత్త తాడు ముందే లాగడం మొదలుపెట్టాలి. లేకపోతే బట్ట ముందు తీగ మీద వాలిపోతుంది. గాలి ఎక్కువ ఉంటే పాత తాడు ఇంకొక్క క్షణం బిగించి పట్టాలి. బట్ట చదునుగా అయి, అవతలి గాలి తగిలి తనే తిరగబడుతుంది. అప్పుడు వదిలి కొత్తది అందుకోవాలి.

భయపడితేనే పడతారు

ఇది అన్నిటికంటే ముఖ్యం. గాలి గట్టిగా ఉంటే మనకి ఏమనిపిస్తుంది? నెమ్మదిగా తిరుగుదాం, అప్పుడు పడం అనిపిస్తుంది. రోడ్డు మీద అది నిజమే. జైబ్‌లో మాత్రం తప్పు.

మళ్ళీ లెక్క చూడండి. గాలి వేగం 20. పడవ 15 వేగంతో గాలి వెంట పోతూ తిరిగితే తెరచాపకి తగిలేది 5. భయపడి పడవని 5కి తగ్గించి తిప్పితే తగిలేది 15. గాలి మారలేదు, పడవ మారలేదు. కానీ తెరచాప మీద పడే గాలి మూడు రెట్లయింది. తోసే బలం మూడు రెట్లే కాదు, ఇంకా ఎక్కువ పెరుగుతుంది. బూమ్ దబ్బుమని కొడుతుంది, పడవ పక్కకి పడుతుంది. అంటే వేగంగా పోయేటప్పుడే మలుపు తేలిక.

ఇంకో రెండు చోట్ల కూడా పడతారు. ఒకటి, మలుపు ఆపకపోవడం. చుక్కాని తిప్పి అలాగే పట్టుకుంటే పడవ అతిగా తిరిగి గాలికి పక్క చూపిస్తుంది, నిండు తెరచాప దాన్ని తోసేస్తుంది. రెండోది, ఇద్దరూ కలవకపోవడం. చుక్కాని ముందు తిరిగి తాడు ఆలస్యమైతే బట్ట ఇనుప తీగకి చుట్టుకుపోతుంది. జడకి రిబ్బను చుట్టినట్టే ఉంటుంది, ఇక విప్పడం గగనం. అందుకే తాడు లాగే చేతి వేగం చూసి చుక్కాని తిప్పాలంట. బలమైన ఆమె బలహీనమైన ఆమె కోసం ఆగాలి అని కాదు. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా మలుపు చెడుతుంది అని.

చున్నీతో చేసి చూడండి

మేము వరండాలో బెంచీ వేసి చేశాం. మీరూ చెయ్యొచ్చు.

బెంచీ పడవ. ముందు వైపు ఒక వెదురు కర్ర బయటికి ఉండేలా కట్టండి. పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి బెంచీ మధ్యలో నిలబడాలి, ఆమె స్తంభం. ఆమె చెయ్యెత్తి పట్టుకున్న చోటు నుంచి బెంచీ ముందు అంచుకి ఒక పురికొస బిగించండి, అది ఇనుప తీగ. చున్నీని మూడు మూలలుగా మడవండి. పై మూల స్తంభం అమ్మాయి చేతిలో, ముందు మూల వెదురు చివర, వెనక మూలకి స్కిప్పింగ్ తాడు రెండు కొసలూ కట్టండి. తాడు ఒక సగం ఎడమ పక్కకి నేరుగా, ఇంకో సగం పురికొసకి ముందు నుంచి తిప్పి కుడి పక్కకి తేవాలి. చున్నీ పురికొసకి బయట వైపే ఉండాలి. వెనక నుంచి టేబుల్ ఫ్యాను పెట్టండి. ఇద్దరు బెంచీ తోకని మెల్లగా పక్కకి జరపండి, ఒకరు తాళ్ళు పట్టుకోండి.

పాత తాడు ఆలస్యంగా వదిలితే చున్నీ సందులో ఇరుక్కుంటుంది. మరీ ముందు వదిలితే గాలికి ముందుకి ఎగిరిపోతుంది. "ఇప్పుడు" అనే ఆ క్షణం ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. ఫ్యాను స్పీడు పెంచి చూడండి, ఆ క్షణం మారుతుంది. వార్డెన్ మేడంని అడిగి ఆదివారం మాత్రమే చెయ్యండి, బెంచీ మీద నిలబడే అమ్మాయిని ఒకరు పట్టుకోండి.

పడితే ఏం చేస్తారు?

పడతారు. అక్క దాచకుండా చెప్పింది. ఒలింపిక్స్ వాళ్ళు కూడా పడతారు. కానీ లాంచి మునగడం, ఈ పడవ బోల్తా పడడం ఒకటి కాదు. లాంచి పెద్దది, అందులో నీళ్ళు నిండితే కిందికి పోతుంది. ఈ చిన్న పడవల పొట్టలో గాలి ఉండేలా మూసి కడతారు. పక్కకి పడినా తేలుతూనే ఉంటుంది.

లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవ ఎక్కనివ్వరు. ఎక్కాక వేసుకోవడం కాదు, ఒడ్డు మీదే వేసుకోవాలి. పడ్డాక మొదటి నియమం: పడవని వదిలి ఈదుకుంటూ పోకూడదు, పడవనే పట్టుకోవాలి. ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుని బాగున్నామని తెలుసుకోవాలి. స్పినాకర్ కిందికి లాగెయ్యాలి. తరవాత పడవ అడుగు నుంచి బయటికి వచ్చిన పలక మీద నిలబడి బరువు వేస్తే పడవ లేస్తుంది. నేర్చుకునే చోట మోటారు పడవలో మనుషులు పక్కనే ఉంటారు. కావాలనే పడవని పడేసి, లేపడం కూడా నేర్పిస్తారు.

ఇంకో మాట. మొదటి రోజే స్పినాకర్ ఇవ్వరు. పిల్లలకి ఇచ్చేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ, పొడవు 2.3 మీటర్లు, ఒక్కటే తెరచాప. అందులో గాలి, చుక్కాని తెలిశాకే ఇద్దరి పడవలు, ఆ తరవాతే స్పినాకర్.

ఎవరు చేశారు?

2016లో బ్రెజిల్‌లోని రియోలో ఒలింపిక్స్ జరిగినప్పుడు ఎఫ్ఎక్స్ పడవలు మొదటిసారి వచ్చాయి. చివరి పందెం దాకా ఎవరు గెలుస్తారో తెలియదు. ఆఖరికి బ్రెజిల్ అమ్మాయిలు మార్టిన్ గ్రేల్, కహేనా కుంజే న్యూజిలాండ్ పడవ కంటే 2 సెకన్లు ముందు చేరి బంగారు పతకం గెలిచారు. ఇన్ని రోజుల పందాలు, తేడా 2 సెకన్లు! ఒక్క జైబ్‌లో తాడు ఇరుక్కుంటే పోయేది అంతకంటే ఎక్కువ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ వాళ్ళే గెలిచారు.

మన దేశం సంగతి. 2018లో ఇండోనేషియాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇదే ఎఫ్ఎక్స్ పడవ మీద వర్షా గౌతమ్, శ్వేతా షెర్వెగర్ వెండి పతకం తెచ్చారు.

ఇది మీ అమ్మావాళ్ళకి తప్పకుండా చెప్పండి. తారిణి అనే తెరచాప పడవలో మన నౌకాదళం ఆడ ఆఫీసర్లు ఆరుగురు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్ళు. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్.

ఇంటి దగ్గర ఏం అడగమనాలి?

సంతకం పెట్టేముందు అమ్మానాన్నలు ఈ నాలుగూ అడగొచ్చు, మేడం జవాబు చెప్తారు.

1) లైఫ్ జాకెట్ మా పిల్ల కొలతకి సరిపోయేది ఇస్తారా?
2) పిల్లలు నీళ్ళ మీద ఉన్నంతసేపూ మోటారు పడవ పక్కన ఉంటుందా?
3) గాలివాన వస్తే పడవలు ఆపుతారా, ఎవరు చెప్తారు?
4) పిల్లలతో మన స్కూల్ టీచరు ఎవరు వస్తారు, రాత్రి ఎక్కడ ఉంటారు?

ఈ నాలుగిటికీ సరైన జవాబు వస్తేనే సంతకం పెట్టమనండి. రాకపోతే పెట్టొద్దనండి. నేను కూడా మా అమ్మకి ఇదే చెప్పి పంపాను, సంత రోజు వచ్చి మేడంని అడుగుతానంది. సంతకాలు ఇవ్వడానికి ఈ నెల 25 ఆఖరు.

బొమ్మలో తాడు దారి అర్థం కాకపోతే స్టడీ అవర్ అయ్యాక రండి, చున్నీ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని